రెండేండ్లు ఎక్కువ

నిజామాబాద్ దవాఖానలో ఆడపిల్లల హార్మోన్ల మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది. బోధన్ నుంచి కూతురు రజితను తీసుకొచ్చిన ఉమారాణి బల్ల పక్కన నిలబడింది. పిల్లకు పెద్దమనిషయ్యే లక్షణాలు అప్పుడే మొదలయ్యాయి.

"ఎముకల వయసు తొమ్మిది. ఆధార్‌లోనూ తొమ్మిదే. రెండూ సరిపోయాయి, భయం లేదు, తీసుకెళ్లమ్మా."

ఉమారాణి కదలలేదు. చెరుకు కొట్టడానికి పోతే చూసేవాళ్లు లేక, మూడేండ్ల పిల్లకు ఆధార్‌లో ఐదని రాయించి బడిలో కూచోబెట్టింది తనే. ఇప్పుడు నిజం చెబితే దొంగ ఆధార్ అని కేసు పెడతారు. రేషన్ కార్డులో పేరు కొట్టేస్తారు.

"ఏడేండ్ల పిల్లకు గిట్లయితే ఏమైతది మేడం?"

"ఎముకలు ముందే ముదిరి ఎత్తు ఆగిపోతుంది. ఇంజక్షన్లతో ఆపాలి. ఆలస్యం చేయొద్దు."

రజిత బెంచీ మీద కూచొని కాళ్లూపుతోంది. ఉమారాణి పిల్లను చూసి, డాక్టరమ్మ వైపు తిరిగింది.

"దీనికి ఏడే మేడం. బడికోసం ఎక్కువ రాయించిన. కేసు పెడితే నామీద పెట్టుండ్రి, పిల్లకు సూదులు మాత్రం ఎయ్యుండ్రి."

డాక్టరమ్మ కలం ఆగింది. ఆధార్ వయసు చూసి భయం లేదని పంపేసిన బోధన్ ఆడపిల్లల ఫైళ్ల కట్ట వైపు చూసింది.

"మీ వాడలో ఇంకెవరైనా ఇలా రాయించారా?"

"చెరుకుకు పోయేటోళ్లం అందరం గట్లనే రాయించినం."