గుంట సేతికి ఆఫీసు సీలు

నన్ను కోపిష్టిదంటారు ఆఫీసులో. అననీ! అత్తని డయాలసిస్‌కని పలాస తీసుకెళ్లినారు మా ఆయన. బడికేమో వాన సెలవు. ఆరేళ్ల ఆడగుంటని నేనేటి సెయ్యాలి, బీరువాలో పెట్టి తాళం ఏసీయాలా? నాతోపాటు మండలాఫీసుకి తెచ్చీసినాను.

మా భవాని ఓ సోట కుదురుగా కూకోదు. పది నిమిషాల్లో నా ప్రాణం తోడీసింది. ఓ కట్ట పాత కాగితాలు, ఊదా ఇంకు ప్యాడు, ఆఫీసు గుండ్రం సీలు సేతికిచ్చి, "టేబులు కిందకెళ్లి గుద్దుకో, నోరెత్తితే సంపేత్తాను" అన్నాను. సీలు పిల్లల సేతికివ్వకూడదని నాకు తెలీదా? తెలుసు. ఇచ్చీసినాను.

ఆ కట్టలో ఓ కొత్త అర్జీ కలిసిపోయింది. ఉమ్మడి కొబ్బరితోట మొత్తం తన పేరున మార్చమని జగన్నాథం పెట్టుకున్నది. మధ్యాహ్నం ఆయన తమ్ముడు ఈశ్వరరావు వచ్చినాడు, తన అభ్యంతరం ఏటయిందో కనుక్కోడానికి. నడుముకి గెలలు కోసే కత్తి. తోటలోంచి వచ్చే మనిషి కత్తితోనే వత్తాడు, మా దగ్గిర ఎవరూ అడగరు. సరిగ్గా అప్పుడే భవాని కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి మళ్లీ కిందకి దూరిపోయింది. పైనే వాళ్లన్న అర్జీ, దాని మీద తడారని సీలు. సీలు పడిందంటే పని అయిపోయినట్టే అనుకుంటారు మా ఊళ్లల్లో.

"సీలేసీసినారా! నా పిల్లల నోట్లో మట్టి కొట్టీసినారా! ఎవులేసినారు?" అని కత్తి లాగినాడు.

అటెండరు రమేష్ బీరువా ఎనక్కి నక్కినాడు, పెద్ద మగాడు! గుంట ఏసిందని సెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నేనే ఏసినాను. ఏటి సేత్తావో సెయ్యి."

సేసినాడు. ఎడమ సెయ్యి అడ్డం పెట్టినాను. రెండు వేళ్లు తెగి అర్జీ మీద పడ్డాయి. ఓలమ్మో, ఆ రక్తం!

"అమ్మ కాదు, నేనే!" అంటూ భవాని బయటికొచ్చీసింది, ఊదా సేతులు సాపుకుని. ఈశ్వరరావు దాని మీదకి వంగినాడు.

కాగితాలకి కన్నాలు పెట్టే ఇనప మిషను అందుకుని వాడి నెత్తిన కొట్టినాను. పడిపోయినాడు. మూతి మీద కొట్టినాను, పళ్లు రాలినాయి. "వద్దు తల్లీ, వద్దు" అని దణ్ణం పెట్టినాడు. ఆ సేతుల మీదా కొట్టినాను. "నా గుంట మీదకి వత్తావా!" ఎముక విరిగిన సప్పుడు ఇనబడింది. అయినా ఆపలేదు. వాడు కదలడం మానీసినాడని, రమేష్ నన్ను ఎనక్కి లాగినాకే తెలిసింది.

కత్తి కిటికీ కింద పడుంది. గుంటని సూడగానే వాడే ఇసిరీసినాడంట. "నువ్వా తల్లీ" అంటూ వంగినాడంట. రమేష్ సెప్పినాడు. నాకు ఇనబడలేదు.

"రామ్మా, అయిపోయింది" అని కుడిసెయ్యి సాపినాను.

భవాని రమేష్ కాళ్లు సుట్టీసుకుంది.

"అంకుల్, మా అమ్మని నా దగ్గిరికి రానీకండి" అంది.