ఇంకొక్క అడుగు వెనక్కి

మైకు చేతికొస్తే వదలని మనుషులు కొందరుంటారు. ఆ గైడు అచ్చంగా ఆ రకం. బస్సు ఇంకా సిగ్నల్ దాటనే లేదు, అప్పుడే మొదలుపెట్టాడు. "వెనక సీట్లో పడుకునేవాళ్ళు కాస్త మెల్లగా గురక పెట్టండి సార్, ముందు సీట్లో పడుకున్నవాళ్ళు లేస్తారు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కిటికీ పక్కన కూర్చున్న మా మరదలు అసలు విననే లేదు.

పొద్దున జలపాతం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సముద్రం, చీకటిపడేసరికి ఇల్లు. కరపత్రం మీద అలాగే అచ్చేశారు. పోయినేడు మా తమ్ముడు ఆఫీసువాళ్ళతో కలిసి ఇదే బస్సెక్కాడు. జలపాతం దగ్గర నీళ్ళలో పడిపోయాడు. ఆ ఏరు కొండ దిగి, ఈ బస్సు వెళ్ళే బీచి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. తోటివాళ్ళంతా సముద్రం చూడకుండానే ఇంటిదారి పట్టారు. వాడు మాత్రం రెండు రోజుల తర్వాత అక్కడ తేలాడు. టిక్కెట్టులో ఉన్న చోట్లన్నీ తిరిగింది వాడొక్కడే.

నేను యూనిఫాంలు కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టర్ని. వారానికి దొరికేది ఒక్క సెలవు. దాన్ని ఇలా తగలేసుకోవడానికి ఓ పుణ్యాత్మురాలు కారణం. ఆవిడ భర్తా మా తమ్ముడూ ఒకే ఆఫీసు. ఆవిడ ఈ మధ్య పిల్లల్ని తీసుకుని ఇదే టూరుకొచ్చింది. తిరిగొచ్చాక ఊరుకోవచ్చుగా? మా మరదలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని చేస్తుంది. అక్కడికే వెళ్ళి బల్ల మీదికి వంగి గుసగుసగా చెప్పింది. "ఏమీ అనుకోకు. ఆ రోజు మీ ఆయన బాగా తాగి ఉన్నాడటగా. గైడు వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతున్నాడు."

మా తమ్ముడు తాగడు. పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళు బలవంతం చేస్తే గ్లాసు పట్టుకుని తిరిగి తిరిగి కుండీలో పోసి వచ్చే రకం. ఆ సంగతి ఆవిడ మొహం మీదే చెప్పి ఉండాల్సింది మా మరదలు. చెప్పలేదు. ఇంటికొచ్చి బీరువాలోంచి వాడి చొక్కాలన్నీ తీసి ఒక్కొక్కటే వాసన చూసింది. ఏడాది కిందట ఉతికి మడతపెట్టిన చొక్కాల్లో ఏం దొరుకుతుంది, సబ్బు వాసన తప్ప? నేను వెళ్ళేసరికి ఆ గుట్ట మధ్యలో కూర్చుని ఉంది.

"నాకు తెలియకుండా తాగేవారా వదినా? అదే దాచారంటే ఇంకేం దాచారో. ఇన్నేళ్ళూ నేను కాపురం చేసింది ఎవరితో?"

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు. వాడు నా చేతుల్లో పెరిగాడు. నాకు తెలియదా?"

"మీకూ తెలియకపోవచ్చుగా" అంది.

ఆ మాట నాకు సూదిలా దిగింది. ఆ రోజు నుంచీ ఆమె ఏడవడం కూడా మానేసింది. ఏడవాలన్నా ఎవరి కోసం ఏడుస్తున్నామో తెలియాలి కదా. అన్నం పెట్టుకుని కంచం ముందు కూర్చునేది, ఎవరో తెలియని మనిషి గురించి ఆలోచిస్తున్నట్టు. చివరికి ఓ రోజు, "వెళ్దాం వదినా. ఆ మనిషి నోటితోనే వింటాను" అంది. నేనూ వస్తానన్నాను. నేను వచ్చింది వినడానికి కాదు, వాడి చెంప పగలగొట్టడానికి.

జలపాతానికి మెట్లు దిగి వెళ్ళాలి. కడ్డీలన్నీ చెమ్మ, రాళ్ళ మీద పాచి. హోరుకి పక్క మనిషి మాట కూడా వినపడదు. నీళ్ళకి ఇవతల కర్రలు పాతి తాడు కట్టారు, దానికి ఎర్రగుడ్డ పీలికలు వేలాడుతున్నాయి. గైడు ఓ బండ మీదికెక్కి అందర్నీ దగ్గరికి పిలిచాడు. అప్పటిదాకా జోకులేసిన గొంతు ఒక్కసారిగా బరువెక్కింది. రోజూ చేసే పని కదా, ఆరితేరాడు.

"పోయినేడు సరిగ్గా ఇక్కడే ఓ పెద్దమనిషి! పొద్దున్నే ఫుల్లుగా ఎక్కించాడు. తాడు దాటకండి సార్ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. వింటేగా! 'నేను ఈతలో ఛాంపియన్ని, నువ్వెవడివిరా చెప్పడానికి' అని నా మీదికే వచ్చాడు. తూలుకుంటూ దిగాడు. అంతే." చిటికె వేశాడు. "ఇంటి దగ్గర పెళ్ళాం ఉంది. ఆలోచించాడా? మందు ఆలోచించనిస్తుందా?"

అందరూ అయ్యో అన్నారు. నల్లకళ్ళద్దాలాయన ఒకడు, ఐదారేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని నించున్నాడు, "తాగుబోతు వెధవ, చస్తే చచ్చాడు" అన్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది. అడుగు ముందుకు వేయబోతే మరదలు నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఆయనకి ఈత రాదుగా వదినా" అంది నా చెవిలో.

"రాదు. వీడు కోస్తున్నాడు."

"తాగితే అలా అంటారేమో. రానివి కూడా వచ్చంటారేమో."

అదీ ఆమె పరిస్థితి. అబద్ధం కళ్ళ ముందు పట్టుబడినా అది అబద్ధమని నమ్మడానికి ధైర్యం చాలడం లేదు.

గుంపు చెదిరింది. ఎవరి ఫోటోలు వాళ్ళవి. నల్లకళ్ళద్దాలాయన గైడు దగ్గరికి వెళ్ళి ఏదో అడిగాడు. అప్పుడు నా కళ్ళతో నేను చూశాను. ఇంతసేపూ తాడు దాటొద్దని ఉపన్యాసం ఇచ్చినవాడే, తన చేత్తో తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

"తాగినవాళ్ళకే సార్ ఇక్కడ గండం. మీలాంటి వాళ్ళకేం కాదు. మోకాలి లోతే. ఫోను ఇటివ్వండి, నేను తీస్తాను."

తండ్రీ కూతుళ్ళు నీళ్ళలోకి దిగారు. గైడు ఫోను కంటికెత్తుకున్నాడు.

"కొంచెం వెనక్కి సార్. ఫోటోలో పైన నీళ్ళు రావట్లేదు. ఆ, ఇంకొక్క అడుగు వెనక్కి."

తమ్ముడి వస్తువులు మాకు అప్పగించినప్పుడు వాడి ఫోను పొడిగా ఉంది. అందులో ఆఖరి ఫోటో వాడిదే. మోకాలి లోతు నీళ్ళలో నించుని నవ్వుతున్నాడు, వెనక జలపాతం నిండుగా ఉంది. ఎవరు తీశారని ఆఫీసువాళ్ళని ఒక్కొక్కర్నీ అడిగాను. నేను కాదంటే నేను కాదన్నారు. మేమంతా అప్పుడు పైన మెట్ల దగ్గర ఉన్నామన్నారు. మనిషి నీళ్ళపాలయ్యాడు, ఫోను మాత్రం గట్టు మీద ఉండిపోయింది. అది ఎవరి చేతిలో ఉండిపోయిందో ఇప్పుడు తెలిసింది.

నాకంటే ముందు మరదలికి తెలిసింది. నా చెయ్యి వదిలేసి పరుగెత్తింది.

"బయటికి రండి! పాపని తీసుకుని బయటికి రండి!"

క్లినిక్కులో "తర్వాత ఎవరండీ" అని పిలిస్తే ఎదురుగా ఉన్నవాళ్ళకి కూడా వినపడని గొంతు అది. ఆ హోరుని చీల్చుకుని వెళ్ళింది. నల్లకళ్ళద్దాలాయన ఉలిక్కిపడ్డాడు. పాచి మీద కాలు జారి ఒక మోకాలి మీద కూలబడ్డాడు, ఓ చేత్తో బండని, ఇంకో చేత్తో పిల్లని పట్టుకున్నాడు. పిల్ల చెప్పు ఒకటి ఊడి నీళ్ళలో పడింది. రెండు బండల మధ్య సందు దాకా మామూలుగానే వెళ్ళింది. అక్కడ గిర్రున తిరిగి, ఎవరో కింద నుంచి లాగేసుకున్నట్టు మాయమైంది. అందరం చూశాం.

ఆయన పిల్లని ఎత్తుకుని బయటికొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. కాస్త ఊపిరి తిరిగాక మా మరదలి మీద పడ్డాడు.

"మీకేమైనా పిచ్చా? మీరు అరవబట్టే కదా జారాను!"

గైడు గబగబా మధ్యలోకొచ్చి, "మేడమ్‌కి నీళ్ళంటే భయం అనుకుంటా. బీచిలో మేడమ్‌ని బస్సులోనే కట్టేద్దాం" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నేను మరదల్ని మెట్ల వైపు లాక్కుపోయాను. ఇంకాసేపు ఉంటే అక్కడే వాడిని నీళ్ళలోకి తోసేసేదాన్నేమో.

భోజనాల దగ్గర మా బల్ల వైపు ఎవరూ రాలేదు. మరదలు మెతుకు ముట్టలేదు. ఒళ్ళో తమ్ముడి ఫోను పెట్టుకుని ఆ ఫోటోనే చూస్తూ ఉంది.

"అదే బండ వదినా."

"చూశాను."

"అయినా తాగారో లేదో ఇందులో తెలియడం లేదు."

బీచి దగ్గర బస్సు ఆగగానే జనమంతా అలల వైపు పరుగెత్తారు. గైడు బస్సు నీడలో కూర్చుని సిగరెట్టు వెలిగించుకున్నాడు. మమ్మల్ని చూసి మళ్ళీ ఏదో జోకు వెయ్యబోయాడు. మరదలు ఫోను వాడి మొహం ముందు పెట్టింది.

"ఈ ఫోటో తీసింది మీరేనా?"

వాడు చూశాడు. చూసి నీళ్ళు నమిలాడు. "రోజూ ఎంతోమందికి తీస్తుంటాను మేడమ్. ఎవరని గుర్తుంటుంది?"

నేను వాడి కాలరు దొరకబుచ్చుకున్నాను. "తాగుబోతని రోజూ ఊరందరికీ చెబుతావే, ఆ మొహమే గుర్తులేదా? వాడు నా తమ్ముడు. ఇది వాడి పెళ్ళాం. ఇప్పుడు చెప్పు, ఛాంపియన్ అన్నాడా వాడు? నీ మీదికొచ్చాడా?"

వాడి సిగరెట్టు జారి ఇసుకలో పడింది.

"వదినా, ఆగండి" అంది మరదలు. నా చెయ్యి విడిపించి వాడి ఎదురుగా కూర్చుంది. "మీ ఉద్యోగం జోలికి నేను రాను. ఎక్కడా ఫిర్యాదు చెయ్యను. నాకు ఒక్కటే కావాలి. ఆ రోజు ఆయన తాగి ఉన్నారా, లేదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అలా మాటివ్వమని ఎవరు చెప్పారు తనకి? మాట ఇచ్చింది తనే కానీ నేను కాదు, ఆ సంగతి తర్వాత తేలుస్తాను అనుకుని పళ్ళు బిగబట్టాను.

వాడు ఆ సిగరెట్టుని కాలితో ఇసుకలోకి తొక్కాడు. మైకు లేకపోతే వాడి గొంతు చాలా చిన్నది.

"లేదండీ."

"ఒక్క గుక్కైనా?"

"లేదండీ. ఆయనతో వచ్చినవాళ్ళు మెట్ల దగ్గర కూర్చుని సీసాలు తీశారు. ఆయన వద్దని నా దగ్గరికొచ్చి నించున్నారు. ఎన్నేళ్ళుగా చేస్తున్నారండీ ఈ పని అని అడిగారు. రోజంతా మాట్లాడితే గొంతు నొప్పెట్టదా అన్నారు."

"మరి ఎందుకు అలా చెప్పారు?"

"పోలీసులొచ్చి ఎలా దిగాడని అడిగారండీ. తాడు నేనే ఎత్తానని ఎలా చెప్పను? తాగి ఉన్నాడన్నాను. ఇంక వేరే ప్రశ్న వెయ్యలేదు. ఆఫీసువాళ్ళు కాదనలేదు, వాళ్ళే తాగి ఉన్నారు కాబట్టి. ఒకసారి చెప్పాక రోజూ అదే చెప్పాల్సొచ్చింది. చెప్పగా చెప్పగా నాకూ నిజమే అనిపించడం మొదలైంది."

"ఇవాళ మళ్ళీ తాడు ఎత్తావు కదరా" అన్నాను.

మరదలు నన్ను పట్టించుకోలేదు. కొంచెం ముందుకు జరిగింది.

"ఆఖరికి ఏమన్నారు ఆయన?"

"ఏమీ అనలేదండీ."

"ఏదో ఒకటి అని ఉంటారు. గుర్తు తెచ్చుకోండి."

వాడు మొహం తుడుచుకున్నాడు. "ఇంకొక్క అడుగు వెనక్కి సార్ అన్నాను. వేశారు. 'వచ్చిందా అండీ?' అన్నారు. తీశాను, చూస్తున్నాను సార్ అన్నాను. 'మీకు ఇబ్బందిగా ఉంటే ఇంకొంచెం జరుగుతానండీ, నాకేం ఫర్వాలేదు' అన్నారు. నేను చాలు సార్ అనేలోపే ఆయనే ఇంకో అడుగు వేశారు."

మరదలు నవ్వింది. ఏడాది తర్వాత ఆమె నవ్వు వినడం అదే. నాకు భయం వేసింది.

"ఆయనే వదినా" అంది. "అచ్చం ఆయనే."

పోయినేడు ఈ ఇసుకలోనే, ఇక్కడికి కాస్త అవతల, టార్పాలిన్ కప్పి ఉంచారు వాడిని. ఆమెని చూడనివ్వలేదు నేను. చూడదగ్గ మొహం కాదది. చొక్కా కుట్టింది నేనే కాబట్టి కాలరు చూసి అవును, మా తమ్ముడే అని సంతకం పెట్టాను. ఆమె దాకా శవం రాలేదు, పెట్టె వచ్చింది.

"మీరు చూడనివ్వలేదుగా ఆ రోజు" అంది నా చెయ్యి పట్టుకుని. "ఇవాళ చూశాను. ఆయనే." అంటూనే ముందుకు ఒరిగిపోయి, ఇసుక గుప్పిళ్ళతో పట్టుకుని బావురుమంది. అలల దగ్గర ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నల్లకళ్ళద్దాలాయన కూతుర్ని ఎత్తుకుని ఇటు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎవరూ దగ్గరికి రాలేదు.

నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. గెలిచింది నేనే. వాడు తాగలేదని మొదటి నుంచీ అన్నది నేనే కదా. కానీ ఆ గైడు మాటలు విన్నాక వాడు నా కళ్ళ ముందు నించున్నాడు. కండక్టరు లోపలికి జరగమంటే అందరికంటే ముందు జరిగి, దిగాల్సిన చోట దిగలేక తర్వాతి స్టాపు నుంచి నడిచొచ్చేవాడు. క్యూలో ఎవరైనా తొందరగా ఉందంటే తన చోటు ఇచ్చేసి వెనక్కి వెళ్ళేవాడు. ఎదుటి మనిషికి ఇబ్బంది అంటే చాలు, వాడికి ప్రాణం ఆగేది కాదు. అలాంటివాడు ఒక గైడుకి ఫోటో సరిగ్గా రావడం లేదంటే ఊరుకుంటాడా?

తాగుబోతు అన్నవాడి చెంప పగలగొడదామని వచ్చిన నేను, ఆ ఇసుకలో కూర్చుని, మా తమ్ముడు ఆ రోజు తాగి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఒక్క గుక్క లోపలికి పోయినా వాడికి కాస్త పొగరొచ్చేది. "నువ్వే దిగి నించోవయ్యా" అనేవాడు. ఇంటికొచ్చేవాడు.