కొత్త కారుకి పాత వాక్‌మన్

ఆసుపత్రి గేటు ముందు కారాపితే నాన్న దిగనని భీష్మించాడు. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు అమ్మ గొంతు వినాలట. పోయిన మనిషి గొంతు మిగిలింది ఒక్క క్యాసెట్‌లో, అది తిరిగేది ఆయన ఒళ్లో ఉన్న పాత వాక్‌మన్‌లో. ఇయర్‌ఫోన్ పెడితే ఆ చిన్న శబ్దం ఆయన చెవులకి ఆనదు.

"కారు స్పీకర్లలో పెట్టరా."

పెట్టడానికి ఈ దిక్కుమాలిన కొత్త కారుకి పిన్ను దూర్చే కన్నం ఉంటేగా. కొనుక్కొచ్చిన యూఎస్‌బీ తీగ గుచ్చితే ఈ పరికరం పనిచేయదంటోంది. బ్లూటూత్ పేరు వాక్‌మన్ పుట్టాక ఎన్నడూ విని ఉండదు. డాష్‌బోర్డుని అరచేత్తో బాదాను. నర్సు మళ్లీ వచ్చి, డాక్టరుగారు ఇంక ఆగరంది.

వెనక సీట్లో నాన్న పక్కనుంచి మా ఆవిడంది, "ఫోనొస్తే మాటలు కారులోనే వినిపిస్తాయిగా. ఇయర్‌ఫోన్‌ని ఇంకో ఫోన్‌కి ఆనించి మీకు కాల్ చేస్తాను. నాది ఛార్జి అయిపోయింది. మామయ్యగారూ, మీ ఫోనివ్వండి."

నాన్న జేబులోంచి తీసిచ్చాడు. అది అమ్మ ఫోను. ఆమె పోయినప్పటినుంచీ రోజూ ఛార్జి పెట్టి ఆయనే మోస్తున్నాడు.

కారు మోగింది. తెర మీద పెద్ద అక్షరాలతో పడింది: అమ్మ.

ఆకుపచ్చ గుర్తు దాకా వెళ్లిన నా వేలు అక్కడే ఆగిపోయింది. మోగుతూనే ఉంది.

నాన్న ముందుకు వంగి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఎత్తరా. మీ అమ్మ సంగతి తెలుసుగా, రెండోసారి చెయ్యదు."