వెనక బెంచీ గౌతమి

హిందూపురం శివార్లలోని ఆ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి పద్దెనిమిది మంది పిల్లలు. కూలికి పోయేవాళ్ల పిల్లలు, ధర్మవరం నుంచి వచ్చి మగ్గం నేసే ఇళ్ల పిల్లలు, అగళి వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కన్నడం వాళ్ల పిల్లలు. చదువులో మండలంలోకెల్లా మీ బడే అట్టడుగు అని మీటింగులో అందరి ముందూ అనిపించుకుని వచ్చిన సుమలత టీచర్, ఆ మంటలో పిల్లల్ని మార్కుల ప్రకారం కూర్చోబెట్టింది. బాగా చేసేవాళ్లు ముందు, గౌతమి లాంటివాళ్లు వెనక. గౌతమి నోట్సు ఏ రోజూ సగం దాటిన పాపాన పోలేదు మరి.

నెల తిరిగేసరికి ముందు బెంచీలోని రక్షితకు లెక్కలన్నీ తప్పులే. అగళి నుంచి వచ్చిన ఆ పిల్ల మొన్నటిదాకా లెక్కల్లో అందరికంటే ముందుండేది.

బోర్డు తుడుస్తున్న సుమలత వెనక్కి తిరిగి, "ఏమైందే నీకు?" అని గద్దించింది. రక్షిత వెనక బెంచీ వైపు చూసింది.

గౌతమి లేచి నిలబడింది. "ఆ పాపకు తెలుగు సరిగ్గా రాదు మేడం. ముందు పక్కనే కూచున్నప్పుడు మీరు చెప్పే లెక్కంతా నేను కన్నడంలో చెప్తాంటి. మా అమ్మది అగళి పక్కన రొళ్ల, నాకూ కన్నడం వస్తాది. ఇప్పుడు దూరంగా ఉండాది కదా."

"అంత తెలిసినదానివి, మరి అప్పుడు నీ నోట్సు ఎందుకు రాసుకోలేదు?"

"ఆ పాపకు చెప్పి, నేను రాసుకుందామనేలోపల మీరు తుడిచేస్తాంటిరి మేడం."

సుమలత బోర్డు వైపు చూసింది. సగం అప్పటికే తుడిచేసి ఉంది.