లైను చూసే మాట

గోడలు పగలగొట్టకూడదు, కొత్త తీగ లాగకూడదు, కానీ గదిగదికీ ఇంటర్నెట్ ఫోను రావాలి. హోటల్ మేనేజర్ తాపీగా చెప్పేసి వెళ్లిపోయాడు. ఆయనదేం పోయింది. ముప్పై ఏళ్ల నాటి ఫోను తీగలతో తంటాలు పడాల్సింది నేను. సెల్లార్‌లో బోర్డు తెరిచి చూస్తే, ఏ తీగ ఏ గదికి పోతుందో రాసిన కాగితం చెదలు తినేసింది. రెండు రోజుల్లో తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ తీగలు లాగింది మా నాన్న. అందుకే మూడో రోజు ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను.

పనికోసమే తెచ్చానంటే అబద్ధం. ఎనిమిది నెలలుగా నాన్న నన్ను “మీరు” అంటున్నాడు. మతిమరుపు జబ్బు ముందు మొన్నటి సంగతుల్ని మింగింది, తర్వాత అమ్మ పోయిన రోజుని, చివరికి నన్ను. అన్నం పెడితే “మీకెందుకండీ శ్రమ” అంటాడు. కన్నతండ్రి అలా అంటుంటే నాకు ముద్ద దిగుతుందా? చిన్నప్పుడు సెలవుల్లో ఈ సెల్లార్‌లోనే ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఇక్కడికొస్తేనైనా గుర్తొస్తానేమోనని ఆశ. ఒక్కసారి “నువ్వు” అంటే చాలనుకున్నాను.

బోర్డు ముందు నిలబడగానే నాన్న వేళ్లకి ప్రాణం లేచొచ్చింది.

“ఈ నీలం తెలుపు జత మూడొందల నాలుగు. ఇది పక్క గది. దీనికి మెట్ల కింద అతుకుంది, చూసుకోండి.”

ఒక్కటీ తప్పు పోలేదు. తీగల రంగులు గుర్తున్నాయి, కూతురు గుర్తులేదు. ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో నాకే తెలియలేదు.

ఒక్కో జతకీ పాత తీగ మీదే ఇంటర్నెట్ పంపే కొత్త పెట్టె తగిలించాం. లైను చూడటానికి నాన్నని కింద ఫోను దగ్గర కూర్చోబెట్టి నేను మూడో అంతస్తుకి వెళ్లాను. మొదటి గదిలో ఫోను మోగింది. ఎత్తాను.

“పొట్టిపిట్టా... పొట్టిపిట్టా... వినపడుతోందా?”

అది నా ముద్దుపేరు.

“నాన్నా, వినపడుతోంది. నేనే.”

“ఎవరండీ?”

“పొట్టిపిట్టని, నాన్నా.”

నాన్న నవ్వాడు. “భలేవారే. అది మనిషి పేరు కాదండీ, లైను చూసే మాట. ప, ట గట్టిగా వినపడితే తీగ బాగున్నట్టు. ఎప్పుడూ ఇదే అంటాను.”

అవును, ఎప్పుడూ అదే అనేవాడు. ఎందుకంటే అప్పట్లో పై గదుల్లోకి పరిగెత్తి ఫోను ఎత్తేది నేనే. అదొక్కటే ఆయనకి గుర్తులేదు.

“మీకు సరిగ్గా వినపడిందా అమ్మా?” అని అడిగాడు.

రిసీవర్‌ని అరచేత్తో మూసేసి వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత చెయ్యి తీసి, “బాగుంది, పక్క గదికి చేయి” అన్నాను.

ఆ అంతస్తులో పద్నాలుగు గదులు. పద్నాలుగింటిలోనూ నాన్న నన్ను పిలిచాడు, పిలుస్తున్నది నన్నేనని తెలియకుండా. చివరి గదిలో ఆయన ఊపిరి కూడా వినపడేంత శుభ్రంగా ఉంది లైను.

“సరిగ్గా వినపడలేదండీ,” అన్నాను. “ఇంకోసారి అనండి.”

నాన్న ఓపిగ్గా మళ్లీ అన్నాడు.