నడుముకు కట్టిన తాడు

ఏం ప్రేమలా, పంటకాలువ దాటాలంటే మామ భుజమెక్కేదానివి, నువ్వా నీళ్లకు భయపడే హన్మండ్లును చూసి నవ్వేది? కూర్చో, విను.

హన్మండ్లు బండి మీది జొన్నల బస్తాలను ఒడ్డుకు మోస్తున్నాడు. మంజీర పొంగి, అవతల మిట్ట మీది పల్లెను నీళ్లు చుట్టేశాయి. అక్కడ పొయ్యిలు ఆరిపోయాయి. బాన్సువాడ నుంచి జొన్నలు తెచ్చిన బండ్లు ఈ ఒడ్డునే ఆగాయి. ఇక పుట్టే దిక్కు. తోలు కప్పిన పెద్ద వెదురు బుట్ట అది. బస్తా పక్కకు జరిగితే బోర్లా పడుతుంది. అందుకే తెడ్డు వేసేవాడు కాక, బస్తాలను ఒత్తిపట్టేవాడు ఇంకొకడు కావాలి.

తక్కిన హమాలీలు మెల్లగా జారుకున్నారు. హన్మండ్లుకు అదీ చేతకాలేదు. బరువులు మోసి మోసి మెడ వెనక కాయ కాచినవాడు, మోకాలి లోతు నీళ్లు చూస్తే వణుకుతాడు. చిన్నప్పుడు అతని తమ్ముణ్ణి వాగు తీసుకుపోయింది.

"నాకు ఈత రాదన్నా."

పుట్టి నడిపే చందర్ గొంగడి కప్పుకుని నవ్వాడు. అతని అక్క పోసవ్వ ఉండేది ఆ పల్లెలోనే. "బస్తాలకొస్తదారా ఈత? అవి పోతలేవా?" అంటూ పొడుగు తాడు ఒక కొస హన్మండ్లు నడుముకు బిగించాడు. "ఇంకో కొస పుట్టికి గట్టిన. పుట్టి మునగదు, నువ్వు మునగవు. ఇగ ఎక్కు."

పుట్టి గిర్రున తిరిగింది. వేళ్లతో సహా కొట్టుకొస్తున్న చెట్టొకటి మీదికొచ్చింది. హన్మండ్లు కళ్లు మూసుకుని బస్తాలను వాటేసుకున్నాడు.

"పహిల్వాన్‌ను జూడుండ్రి, జొన్నలను కావలిచ్చుకున్నడు," అన్నాడు చందర్. చెట్టు అంచును రాసుకుంటూ పోయింది.

పొద్దువాలేదాకా తిరిగారు. ఒడ్డు తగిలినా హన్మండ్లు తాడు విప్పలేదు. ఎన్నిసార్లు దాటినా భయం కొత్తగానే ఉంది. మధ్యాహ్నం నుంచి చందర్ నవ్వు తగ్గింది. గుంజుతున్న ఎడమచేతిని గొంగడిలోనే ఛాతీకి అదుముకుని, "తెడ్డు నువ్వెయ్యి. చేతికి పనుంటే భయం యాదికి రాదు," అన్నాడు. హన్మండ్లు తెడ్డు అందుకున్నాడు.

చివరి బస్తా పల్లె ఒడ్డున దిగింది. పొయ్యిల పొగ లేచింది.

"దిగన్నా, ఇంత అంబలి తాగుదం."

చందర్ పలకలేదు. మళ్లీ ఏదో వేషమనుకుని హన్మండ్లు భుజం తట్టాడు. తల పక్కకు వాలింది. ఊపిరి లేదు.

పోసవ్వ ఏడుస్తూ వచ్చి గొంగడి తీసింది. తాడు రెండో కొస పుట్టికి లేదు. అడుగున పరిచిన గడ్డి కిందినుంచి వచ్చి చందర్ నడుముకు చుట్టుకుని ఉంది.

"నన్ను కాపాడనీకి గట్టుకున్నడవ్వా," అన్నాడు హన్మండ్లు.

పోసవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కాపాడుడేంది బిడ్డా. వానికి ఈతేడొస్తది? ఒక్కడే పోవాలంటే దడుపు. ఎవరినన్న నడుముకు గట్టుకుంటెనే పుట్టి ఎక్కుతడు."

ముళ్లు విప్పకుండా జార్చి తీసిన తాడు, రెండు కొసలా రెండు నడుముల చుట్టంత ఉచ్చులతో, ఖాళీ పుట్టిలో ఉండిపోయింది.