తగ్గిన దడ

ఆస్పత్రి మందుల కమిటీలో ఆమె ఒక్కతే ఫార్మసిస్టు. మిగతా అయిదుగురూ డాక్టర్లు. ఆ రోజు చర్చకు వచ్చింది గుండె లయ తప్పినవాళ్లకిచ్చే కొత్త మాత్ర. పరిశోధన పత్రంలో గ్రాఫులు ముచ్చటగా ఉన్నాయి. మాత్ర వాడినవాళ్లకు లయ తప్పడం సగానికి సగం తగ్గిందట.

"లయ సంగతి సరే సార్. మనుషులు ఎక్కువకాలం బతికారా? అది ఇందులో ఎక్కడా లెక్కపెట్టలేదు" అంది.

పెద్ద డాక్టరు నవ్వాడు. "లయ కుదిరితే బతకరా అమ్మా? వాన పడితే నేల తడుస్తుందా అని కూడా పరిశోధన చేయమంటావా?"

అందరూ నవ్వారు. నలుగురితో నారాయణా అనుకుని ఆమె సంతకం పెట్టేసింది.

రెండు నెలలకు బావకి అదే మాత్ర రాశారు. అక్క చీటీ పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"మంచిదేనా చెల్లీ?"

"దడ తగ్గుతుందక్కా."

అది అబద్ధం కాదు. నిజంగానే తగ్గింది. "నీ మాత్రలు నన్ను గుర్రాన్ని చేశాయి" అని బావ మరదల్ని ఆటపట్టించాడు. మూడో నెలలో ఒక ఉదయం స్నానానికి వెళ్లినవాడు ఎంత పిలిచినా గడియ తీయలేదు. తలుపు పగలగొట్టేసరికే ప్రాణం పోయింది.

మరుసటి ఏడు పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది. ఈసారి చీటీలు వేసినట్టు సగం మందికి మాత్ర, సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తి బిళ్ల ఇచ్చారు. ఎవరికేది అందిందో రోగులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. తీరా లెక్కిస్తే, మాత్ర వేసుకున్నవాళ్లే ఎక్కువమంది పోయారు. కమిటీ పది నిమిషాల్లో ఆ మందును జాబితాలోంచి కొట్టేసింది. వాన మాట గానీ నేల మాట గానీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఆమె అక్క ఇంటికి వెళ్లి అంతా చెప్పింది.

"అయితే ఆ మాత్రే చంపిందా?"

"చెప్పలేమక్కా. వెయ్యిమందిలో ఎందరు అదనంగా పోయారో తెలుస్తుంది గానీ, ఫలానా మనిషి దానివల్లే పోయాడని తేలదు."

"నాకున్నది వెయ్యిమంది కాదే. ఒక్కడే." మడతపెడుతున్న బట్టలు అక్క పక్కన పెట్టింది. "అప్పుడే నీకు అనుమానం ఉందా?"

"ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అక్క లేచి వీధి తలుపు తీసి, పట్టుకుని నిలబడింది.

మర్నాడు ఆమె ఆ మాత్ర వాడుతున్నవాళ్ల ఫోను నంబర్లు ముందేసుకుని, ఇవాళే వచ్చి డాక్టరును కలవమని ఒక్కొక్కరికీ చెప్పసాగింది. పదకొండో మనిషి మండిపడ్డాడు.

"ఇది వేసుకున్నాకే నాకు ప్రాణం లేచొచ్చిందమ్మా! బాగున్నవాణ్ణి బాగుండనివ్వరా?"

ఆమె మొదటినుంచీ చెప్పబోయింది. ఆయన ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.